పేరు: పెట్టి పిలవకండి

ఆ ఆఫీసులో ఆవిడను అందరూ కత్తెర అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. కానీ ఆ సంగతి ఆవిడకు తెలియదనుకుంటే అది వాళ్ల అమాయకత్వం. పదిహేనేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, ఈ హెచ్చరికల విభాగానికి వచ్చి మరో పద్నాలుగేళ్లయింది. ఇక్కడ ఆవిడ పని ఒక్కటే. ఊళ్లో పిల్లలెవరైనా తప్పిపోతే, అందరి ఫోన్లూ ఒకేసారి మోగేలా ఒక సందేశం రాసి పంపాలి. అది అరవై అక్షరాలు దాటకూడదు. దాటితే యంత్రం తోక కోసేస్తుంది, ఫోన్ నంబరు ఉండేది ఆ తోకలోనే. అందుకని దండగ మాట కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు.

అన్ని మాటల్లోకీ ఆవిడకు కంటగింపు 'దయచేసి'. "నాలుగక్షరాలు దండగ. పిల్ల తప్పిపోయిందంటే దయ ఉన్నవాడు ఎలాగూ వెతుకుతాడు. లేనివాడు నువ్వు దయచేసి అన్నంత మాత్రాన లేచొస్తాడా" అనేది. ఈ పట్టింపు ఎంతదాకా పోయిందంటే, ఆఫీసు లిఫ్టులో వచ్చే రికార్డు గొంతు అంతస్తుకోసారి దయచేసి, దయచేసి అంటుంటే వినలేక, నాలుగంతస్తులూ మెట్లెక్కే వచ్చేది. మోకాళ్ల సంగతేంటని ఎవరైనా అడిగితే, మోకాళ్లకంటే చెవులు ముఖ్యమనేది. పంతమంటే అలాంటిలాంటి పంతం కాదు.

ఆవిడకు గర్వకారణమైన వాక్యం ఒకటుంది. పాత సందేశాల్లో రెండు వరుసల పొడుగునా సాగిన ఒక సలహాను కోసి, కోసి, నాలుగు మాటలకు తెచ్చింది: కనిపిస్తే పేరు పెట్టి పిలవండి. ఎనిమిదేళ్లుగా ప్రతి సందేశంలోనూ ఆ వాక్యం ఉంటోంది. దాని పుణ్యాన దొరికిన పిల్లల లెక్క గోడ మీద కేలండర్లో ఎర్ర చుక్కలుగా ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఒకాయన మెట్ల మీంచే పరుగెత్తుకొచ్చాడు. నీలం యూనిఫాం, జేబులో టెస్టరు, చేతులకు గ్రీజు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తొమ్మిదేళ్ల కూతురు తప్పిపోయింది. వాళ్లమ్మ బజారులో చెప్పుల షాపుకు తీసుకెళ్లి, చిల్లర తీసుకుని వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీ. ఆటిజం ఉన్న పిల్ల. తనంతట తాను మాట కలపదు, దారి చెప్పలేదు. పైగా నీళ్లంటే ప్రాణం, ఈత రాదు. బజారు వెనక వీధులు దాటితే నిండుగా పారే కాలువ. వాళ్లమ్మ, ఇద్దరు పోలీసులు ముందుగా కాలువ గట్టుకే పరుగెత్తారు. కానీ గట్టు మైళ్ల పొడుగు, మనుషులు ముగ్గురు.

"ముందు ఈ ఫారం నింపండి" అంది కత్తెర. గ్రీజు చేతులకు పెన్ను మూత జారిపోతుంటే తనే తీసి ఇచ్చింది.

రికార్డుల్లో ఉన్న పూర్తి పేరు, అని ఉంది మొదటి గడిలో. ఆయన రాశాడు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఎందుకో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

మూడూ పదికి సందేశం వెళ్లింది. పేరు, వయసు తొమ్మిది, పసుపు గౌను, నీలం చెప్పులు, ఆటిజం ఉంది, కనిపిస్తే పేరు పెట్టి పిలవండి, ఫోన్ చేయండి. గదిలో ఉన్న నలుగురి ఫోన్లూ ఒక్కసారే కీచుమన్నాయి. కిటికీ అవతల వీధిలో కూడా అదే కీచు. కత్తెరకు అదంటే ఎప్పుడూ ఒక రకమైన ధైర్యం. ఊరంతా తన వాక్యం చదువుతోందని.

మొదటి ఫోను పావుగంటలో వచ్చింది. ఫోన్లు తీసే అమ్మాయి రిసీవరు చేత్తో మూసి చెప్పింది. "అక్కా, పళ్ల బండి ఆయన. పళ్ల మీద నీళ్లు చల్లుతుంటే పాప నిలబడి చూస్తోందట. పేరు పెట్టి పిలిచాడట. చెవులు మూసుకుని పరుగెత్తిందట."

"ఎటు?"

"బట్టల గోడౌన్ల వైపు."

కత్తెర గోడ మీది పటంలో పళ్ల బజారు దగ్గర ఒక పిన్ను గుచ్చింది. పది నిమిషాలకు రెండో ఫోను. గోడౌన్ల దగ్గర హమాలీలు ఆరుగురు పాపను చూశారు. ఆరుగురూ మంచివాళ్లే, ఆరుగురూ సందేశం చదివినవాళ్లే. కనుక ఆరుగురూ ఒక్క గొంతుతో పేరు పెట్టి పిలిచారు. పాప కెవ్వుమని అరిచి, రెండు లారీల సందులోంచి దూరి మాయమైంది. ఆవిడ రెండో పిన్ను గుచ్చింది. రెండు పిన్నుల మీదుగా చూపుడు వేలుతో గీత గీస్తే అది ఫర్నిచరు షాపుల వీధి మీదుగా పోయి తిన్నగా కాలువలో పడింది.

తండ్రి పటం వైపు చూడలేదు. కాలు కాలిన పిల్లిలా బల్లకూ కిటికీకీ మధ్య తిరుగుతూ, తిరుగుతూ ఆగాడు. కిటికీ రెక్క తీశాడు.

వీధి లోపలికొచ్చింది. నాలుగంతస్తుల కింద మూల మూలనా జనం పిల్ల పేరు పిలుస్తున్నారు. ఆడవాళ్లు, మగవాళ్లు, షాపుల ముందు కుర్రాళ్లు. ఎవరో ఆటోకు మైకు కట్టి మరీ పిలుస్తున్నారు. ఊరు ఇంత మంచిదా అని ఇంకో రోజైతే కత్తెర కళ్లు చెమర్చేవి. ఇవాళ మాత్రం తండ్రి ముఖం చూసి ఆవిడ పటం వదిలి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఆపించండి. ఆ పేరు పిలవొద్దని చెప్పండి" అన్నాడాయన.

"ఎందుకు?"

"ఆ పేరు ఇంట్లో ఎవరూ అనమండి. ఆస్పత్రిలోనే అంటారు. అది వాడే మందుకి నెలనెలా రక్తం పరీక్ష చెయ్యాలి. కాంపౌండరు కాగితం పట్టుకుని బయటికొచ్చి పేరు మొత్తం గట్టిగా చదువుతాడు. ఆ తర్వాత సూది. ముగ్గురం పట్టుకోవాలి దాన్ని. కొత్త గొంతు ఆ పేరు పిలిస్తే దానికి సూది అనే అర్థం."

"మరి ఫారంలో ఆ పేరెందుకు రాశారు?"

"మీ ఫారం అదే అడిగింది కదండీ."

కత్తెర ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఫారం కూడా ఆవిడ రాసిందే. పాత ఫారంలో పేరుకు మూడు గడులుండేవి: రికార్డుల్లో పేరు, ఇంట్లో పేరు, ముద్దు పేరు. చివరి రెండూ దండగని కోసేసింది ఆవిడే. గోడ మీది ఎర్ర చుక్కలన్నీ తనను చూసి పళ్లికిలిస్తున్నట్టు అనిపించింది. సిగ్గేసింది. కానీ సిగ్గుపడుతూ కూర్చునే తీరిక లేదు.

"ఇంట్లో ఏమంటారు?"

"పిట్ట అంటాం. పలకదు. పారిపోదు కూడా. ఊరికే వింటుంది."

"మరి దేనికి పలుకుతుంది?"

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. చెబితే నవ్వుతారేమోనన్న మొహమాటం. "నా పనిలో ఉన్న మాటలకండీ. సెలవు రోజుల్లో నాతో తీసుకెళ్తాను. లిఫ్టులో గొంతు ఉంటుంది కదా, తలుపులు మూసుకుంటున్నాయి అని. అదంటే దానికి ఎంతో ఇష్టం. భయమేసి ఏ తలుపు వెనకో దాక్కున్నా, ఆ మాట అంటే మిగతాది అది చెబుతుంది. నిద్రలో ఉన్నా చెబుతుంది. ఇంట్లో అన్నానికి పిలవాలన్నా మేం అదే అంటాం."

"ఎవరు అన్నా చెబుతుందా? కొత్తవాళ్లు అన్నా?"

"లిఫ్టులో గొంతు ఎవరిదో దానికి తెలుసా ఏంటండీ?"

కత్తెర కుర్చీ ముందుకు లాక్కుంది.

రెండో సందేశం గంట తిరక్కుండా పంపాలంటే సెక్షన్ హెడ్డు సంతకం కావాలి. ఆయన చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. జాగ్రత్త ఎక్కువై కుర్చీలో కూడా అంచునే కూర్చుంటాడు. సంగతి విని నీళ్లు నమిలాడు. "పిలవండి అని ఇందాకే చెప్పాం. ఇప్పుడు పిలవకండి అంటామా? పైగా ఊరందరినీ తలుపుల దగ్గర నిలబడి లిఫ్టులా మాట్లాడమంటామా? నవ్వుతారమ్మా."

"నవ్వనివ్వండి సార్. పరుగెత్తించడం కంటే నవ్వించడం నయం."

"తప్పు మనదని ఒప్పుకున్నట్టు అవుతుంది."

"మనది కాదు, నాది. కారణం కింద అదే రాయండి."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. పద్నాలుగేళ్లలో ఈ మనిషి తన తప్పని అనడం ఆయన ఎన్నడూ వినలేదు. పెన్ను తీసి సంతకం పెట్టాడు.

ఇక మిగిలింది యంత్రం. దానికి మొహమాటాలు లేవు, బుద్ధీ లేదు. సందేశం మొదట్లో 'పేరు:' అని అదే అచ్చువేసుకుంటుంది. పక్క గడి ఖాళీగా ఉంటే పంపనని మొండికేస్తుంది. పిట్ట అని నింపితే జనం మళ్లీ అదే కేకేస్తారు. తెలియదు అని నింపి, ఆ తర్వాత పేరు పెట్టి పిలవకండి అని రాస్తే అక్షరాలు అరవై దాటాయి. ఫోన్ నంబరు తెగిపోయింది. చుక్కలు పెడితే ఒప్పుకోలేదు. ఫోన్లు తీసే అమ్మాయి వెనక నిలబడి గోళ్లు కొరుకుతోంది. కింద మైకు ఆటో ఇంకా ఆ పేరే పిలుస్తూ ఫర్నిచరు షాపుల వీధి వైపు మళ్లింది.

కత్తెర ఆ 'పేరు:' వంక గుడ్లప్పగించి చూసింది. ఎన్ని వేలసార్లు చూసిన మాట. ఉన్నట్టుండి ఆ మాట తనకు ఉచితంగా వస్తోందని తట్టింది. మాట యంత్రానిది, అదెలాగూ అచ్చవుతుంది. దాన్నే వాక్యంలో మొదటి మాటగా వాడుకుంటే సరి. గడిలో 'పెట్టి పిలవకండి' అని కొట్టింది.

పేరు: పెట్టి పిలవకండి. వెంటపడకండి. తలుపుల దగ్గర మెల్లగా "తలుపులు మూసుకుంటున్నాయి" అనండి. జవాబు వస్తే అక్కడే ఉండి ఫోన్ చేయండి.

నంబరుతో కలిపి యాభై ఏడు. మీట నొక్కింది. ఫోన్లు కీచుమన్నాయి.

తండ్రి, కత్తెర కిటికీ దగ్గర నిలబడ్డారు. చాలాసేపు ఏమీ మారలేదు. తర్వాత ఎదుటి షాపు కుర్రాడు ఫోను చూసుకుని నోరు మూసుకున్నాడు. పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు. అలా ఒక్కో మూలా సద్దుమణిగింది. ఎక్కడో మైకు మధ్యలో టక్కున ఆగింది. పట్టపగలు, బజారు రోజు, అంత పెద్ద వీధి గుసగుసల్లోకి దిగింది. కింద ఒక పెద్దావిడ మందుల షాపు పక్కన సగం మూసిన షట్టరు ముందు వంగి, చంటిబిడ్డతో మాట్లాడినట్టు ఏదో అంటోంది. ఏమంటోందో వినపడలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. మొదటి ఫోనుకే అమ్మాయి తల పట్టుకుంది. "కాదండీ... 'పెట్టి' ఆ పాప పేరు కాదండీ. అయ్యో, ఇంటిపేరు 'పిలవకండి' కూడా కాదు. అది పేరు పెట్టి... మీరు మళ్లీ కలిపి చదవండి."

ఇంకో ఆయన తన అపార్ట్‌మెంటులో పన్నెండు తలుపుల దగ్గర ఆ మాట అన్నాడట. పదకొండు తలుపులు పలకలేదు, పన్నెండో తలుపు లోంచి వాళ్లావిడే, ఇంట్లోకి రండి చెబుతాను మీ సంగతి, అందట. ఇలాంటివి ఏడు. తండ్రి కూడా ఒకసారి నవ్వబోయాడు, అది సగంలోనే ఏడుపులోకి తిరిగింది. కత్తెర ఆయన ముందుకు మంచినీళ్ల గ్లాసు జరిపింది. ఓదార్చడం ఆవిడకు చేతకాదు. గ్లాసు జరపడం వచ్చు.

నాలుగూ ఐదుకు ఎనిమిదో ఫోను. అమ్మాయి విని, స్పీకరు నొక్కి రిసీవరు పక్కన పెట్టింది.

ఒక ఆడగొంతు, గుసగుసగా. "నేను ఫర్నిచరు షాపులో పాలిషు పని చేస్తానండీ. వెనక గోడౌన్లో ఉన్నాను. ఇక్కడ కొత్త బీరువాలు వరసగా ఉంటాయి, పక్కకి జరిపే తలుపులవి. పాలిషు ఆరాలని అన్నీ తీసిపెట్టాను. ఒకటి మూసి ఉంది. నేను మూయలేదు. నాకు సిగ్గేసిందిగానీ దాని ముందు నిలబడి మీ మాట అన్నాను."

"జవాబొచ్చిందా?"

"వచ్చిందండీ. దూరంగా నిలబడమంది. నిలబడ్డాను."

తండ్రి కుర్చీ చేతిని పట్టుకున్నాడు.

"ఇంకోసారి అనగలవా అమ్మా? మేమూ వింటాం" అంది కత్తెర.

పాలిషు ఆవిడ గొంతు సవరించుకుంది. "తలుపులు మూసుకుంటున్నాయి" అంది.

చెక్క వెనక నుంచి, సన్నగా, హెచ్చుతగ్గుల్లేని ఒక చిన్న గొంతు వచ్చింది.

"దయచేసి దూరంగా నిలబడండి."

తండ్రి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కత్తెర చెవిలో మొదటి మాట ఆగిపోయింది. వేలసార్లు కోసి పారేసిన మాట. బీరువాలో చీకట్లో కూర్చుని, సూదికి భయపడి ఊరంతా పరుగెత్తిన పిల్ల ఆ మాటను ఒక్క అక్షరం కూడా వదలకుండా అంది. అంత ఇదిగా అడిగితే ఎవరు దూరంగా నిలబడరు? ఆవిడ ముఖం పటం వైపు తిప్పుకుంది. అది దుఃఖంతోనేనని, ఆవిడ ఎప్పుడూ ఒప్పుకోకపోయినా, నేను చెబుతున్నాను.

"తలుపు తియ్యనా అండీ?" అంది పాలిషు ఆవిడ.

"వద్దు" అన్నారు తండ్రీ, కత్తెరా ఒకేసారి.

"ఎవరైనా తీస్తే మళ్లీ పరుగే. అదే తీసుకోవాలి. దానికి ఇంకో మాట ఉంది. కింది అంతస్తు, తలుపులు తెరుచుకుంటున్నాయి. అది వింటేనే బయటికొస్తుంది" అన్నాడు తండ్రి.

"చెప్పండి మరి. ఫోను బీరువా దగ్గర పెట్టిస్తాను."

ఆయన నోరు తెరిచాడు. 'కింది' అనేసరికి గొంతు చిట్లింది. రెండోసారీ అంతే. తల అడ్డంగా ఊపాడు. "నావల్ల కాదండీ. వణుకుతోంది. లిఫ్టు గొంతు వణకదు, దానికి తెలిసిపోతుంది. మీరు చెప్పండి."

"నేనా?"

"మీ గొంతు అచ్చం అలాగే ఉంటుందండీ" అన్నాడాయన. ఇంకెవరన్నా అని ఉంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది.

పాలిషు ఆవిడ ఫోను నేల మీద పెట్టి ముందుకు తోసిన చప్పుడు వినిపించింది. కత్తెర వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఇన్నేళ్ల పాటు మెట్లెక్కి తప్పించుకున్న ఆ గొంతును గుర్తు తెచ్చుకుంది. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సాగుతుందో, అన్నీ గుర్తున్నాయి.

"కింది అంతస్తు. తలుపులు తెరుచుకుంటున్నాయి."

స్పీకర్లోంచి గర్ర్ మని చక్రాల మీద చెక్క జరిగిన చప్పుడు వచ్చింది. కొంచెం ఆగి, మళ్లీ కొంచెం. ఆ తర్వాత సిమెంటు నేల మీద చిన్న చెప్పుల టపటప.

"వచ్చిందండీ" అంది పాలిషు ఆవిడ, ఇంకా గుసగుసగానే. "నా దగ్గరికి రాలేదు, ఫోను దగ్గర కూర్చుంది. నేను దూరంగానే ఉన్నాను. వాళ్లమ్మని రమ్మనండి."

సెక్షన్ హెడ్డు అప్పటికే కాలువ గట్టుకు ఇంకో ఫోనులో చెబుతున్నాడు. కుర్చీ అంచున కూడా కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. తండ్రి గుమ్మం దాకా పరుగెత్తి, వెనక్కొచ్చి, గ్రీజు చేతులతోనే కత్తెర చేతులు రెండూ పట్టుకుని ఊపి, మెట్ల వైపు పరుగెత్తాడు. లిఫ్టులు బాగుచేసేవాడికి లిఫ్టు కోసం ఆగే ఓపిక లేకపోయింది.

ఫర్నిచరు షాపు నుంచి చివరి మాట పదిహేను నిమిషాల తర్వాత వచ్చింది. వాళ్లమ్మ వచ్చి నేల మీద కూర్చుని తలుపుల మాట అందట. పాప మిగతాది చెప్పి, ఆవిడ ఒడిలోకి జరిగిందట. పాలిషు ఆవిడ ఆ సంగతి చెబుతూ ఏడ్చేసింది. బీరువా లోపలి వైపు పాలిషు చెదరలేదని కూడా చెప్పింది.

కత్తెర చేతులకంటిన గ్రీజు తుడుచుకోలేదు. సొరుగులోంచి ఫారం తీసి, రికార్డుల్లో ఉన్న పూర్తి పేరు అన్న వరుస కింద పెన్నుతో రెండు గడులు గీసింది. ఇంట్లో ఏమని పిలుస్తారు? దేనికి పలుకుతుంది? సందేశాల నమూనా కాగితంలో కనిపిస్తే పేరు పెట్టి పిలవండి అన్న వాక్యానికి అడ్డంగా ఒక గీత గీసింది. తన వాక్యాన్ని తనే కోయడం ఆవిడకు అదే మొదటిసారి. నొప్పి అనుకున్నంత లేదు.

ఇంకో సందేశం మిగిలింది. దొరికాక ఊరికి చెప్పాలి కదా, లేకపోతే ఆ పెద్దావిడ షట్టరు ముందే ఉండిపోతుంది. ఇది ఎప్పుడూ ఒకే పద్ధతి: పాప దొరికింది, లేదా బాబు దొరికాడు. రెండు మాటలు, అంతే. ఆవిడ కొట్టి, సెక్షన్ హెడ్డు వైపు తిప్పింది.

పాప దొరికింది. దయచేసి ఇక ఎవరూ వెతకొద్దు.

ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. "ఒక మాట కొయ్యడం మరిచిపోయినట్టున్నారు" అన్నాడు.

"మరిచిపోలేదు" అంది కత్తెర. మీట నొక్కింది.